పడ్డాక ఒక్కరే లేపగలిగే బండి

ప్రశ్న: నేను గవర్నమెంటు టీచర్ని. వయసు 38. మొన్నటి బదిలీల్లో చింతపల్లి మండలంలో లోపలి ఊరొకటి వచ్చింది. చింతపల్లిలో గది తీసుకుని ఉంటున్నాను. బడికి వెళ్ళాలంటే తొమ్మిది కిలోమీటర్లు తారురోడ్డు, ఆ తర్వాత ఏడు కిలోమీటర్లు మట్టిరోడ్డు. మధ్యలో రెండు గెడ్డలు (కొండవాగులు), ఒక నిలువు ఎత్తు. శనివారం సాయంత్రం లంబసింగి ఘాట్ దిగి నర్సీపట్నంలో ఇంటికి వస్తాను, సోమవారం పొద్దున్నే మళ్ళీ ఎక్కుతాను. ఒక్కోసారి మా ఆవిడ కూడా వెనకాల కూర్చుంటుంది. మట్టికీ తారుకీ పనికొచ్చే సెకండ్ హ్యాండ్ బండి కోసం చూస్తే మూడు తేలాయి. 2013 హీరో ఇంపల్స్, 52 వేలు. 2021 హీరో ఎక్స్‌పల్స్ 200, 19 వేల కిలోమీటర్లు తిరిగింది, 98 వేలు, విశాఖలో ఎం.వి.పి. కాలనీలో ఉంది. 2018 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 31 వేల కిలోమీటర్లు, లక్షా పాతిక, అనకాపల్లిలో ఉంది. మా బావమరిది హిమాలయనే తీసుకోమంటున్నాడు. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 62 కేజీలు. మొత్తం లక్షా ఇరవై వేలు మించి పెట్టలేను. ఏది తీసుకోమంటారు? చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం చూడాలి?

సమాధానం:

మాస్టారూ, మీ ఉత్తరంలో రేట్లున్నాయి, కిలోమీటర్లున్నాయి, మీ ఎత్తూ బరువూ ఉన్నాయి. ఒక్క సంగతి రాయలేదు. ఇప్పుడు నడుపుతున్న బండి ఆ మట్టిరోడ్డు మీద ఎప్పుడైనా పడిందా? పడితే ఎవరు లేపారు?

వానకి నానిన ఆ ఎర్రమట్టి సబ్బు రాసినట్టుంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. రోజూ పోనూ రానూ పద్నాలుగు కిలోమీటర్లు దాని మీద తిరిగేవాడి బండి ఏడాదిలో ఒకటి రెండుసార్లు ఒరగడం మామూలే, అందులో నామర్దా ఏమీ లేదు. పొద్దున బడి వేళకైతే ఎవరో ఒకరు ఎదురొస్తారు, చెయ్యి వేస్తారు. జూలైలో, సాయంత్రం అయిదున్నరకి, వానలో, రెండో గెడ్డ దాటాక ఎవరొస్తారు? అప్పుడు మీరూ బండీ మిగులుతారు. మీరు ఒక్కరే లేపగలిగిందే మీ బండి.

ఇది నాకు ఒళ్ళు నొప్పులతో తెలిసింది. కొన్నేళ్ళ కింద మారేడుమిల్లి నుంచి గుడిస కొండకి ఎక్కుతుంటే అప్పట్లో నా దగ్గరున్న బరువైన బండి మెల్లగా పల్లం వైపు ఒరిగింది. దెబ్బ తగల్లేదు. నిలబెడదామని మూడుసార్లు పట్టాను, మూడుసార్లూ మోకాలిదాకా లేచి మళ్ళీ కూలబడింది. నాలుగోసారి నేనే కూలబడ్డాను. చివరికి కట్టెల మోపులతో దిగుతున్న ఇద్దరు వచ్చారు. వాళ్ళు మోపులు దించుకుని, బండి లేపి, మళ్ళీ మోపులు నెత్తికెత్తుకుని వెళ్ళిపోయారు. నేను మాత్రం అరగంట అక్కడే కూర్చున్నాను.

కాబట్టి ముందు బరువులు చూద్దాం. ఇంపల్స్ 134 కేజీలు. 2021 ఎక్స్‌పల్స్ 157. మీ బావమరిది చెప్పే 2018 హిమాలయన్ పెట్రోలుతో కలిపి 190 దాటుతుంది. చివరి రెంటికీ తేడా పాతిక కేజీల బియ్యం బస్తా ఒకటిన్నర. 62 కేజీల మనిషికి, బురదలో, చెప్పులు జారుతుంటే, ఆ బస్తాన్నర చాలా ఎక్కువ.

అయితే మీ బావమరిదిని పూర్తిగా కొట్టిపారేయకండి. ఆయన మాటలో రెండు నిజాలున్నాయి. హిమాలయన్ సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, ఎక్స్‌పల్స్‌ది 823. మీ ఎత్తుకి హిమాలయన్ మీద కాళ్ళు బాగా అందుతాయి. రెండోది, 411 సీసీ ఇంజను, 32 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే లాగే బలం. ఇద్దరు కూర్చుని లంబసింగి ఘాట్ ఎక్కుతుంటే గేరు దించే పని తక్కువ. మీరు రోజూ నర్సీపట్నం నుంచి విశాఖ వెళ్ళొచ్చే ఉద్యోగమై, వేసవిలో లడఖ్ కలలు కంటుంటే నేనూ ఆయన పక్షమే. మీ లెక్క వేరు. వారానికి ఆరు రోజులు బురదా గులకరాళ్ళూ, ఒక్కసారి ఘాట్. పైగా లక్షా పాతిక మీ బడ్జెట్‌కి అవతల ఉంది. బేరమాడి లక్షా పదిహేనుకి దించినా రిపేరుకి చేతిలో అయిదు వేలే మిగులుతాయి. పాత బండి కొన్నవాడి దగ్గర మొదటి నెలలో డబ్బు లేకపోతే ఆ బండి రెండో నెలలో షెడ్డులో ఉంటుంది.

మట్టి దిగుడులో బ్రేకు సంగతి కూడా ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. గులకరాళ్ళ పల్లంలో దిగేటప్పుడు వెనక చక్రం కాస్త లాక్ అయి ఈడ్చుకుంటూ వస్తేనే బండి నెమ్మదిస్తుంది. వెనక చక్రానికి కూడా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉంటే అది బ్రేకుని వదులుతూ పడుతూ ఉంటుంది, బండి పాక్కుంటూ కిందికి పోతూనే ఉంటుంది. మొదటిసారి గుండె జారుతుంది. హిమాలయన్‌కి వెనక ఏబీఎస్ ఆపుకునే స్విచ్చు 2020లో బిఎస్6 పొగ నిబంధనలకి తగ్గ మోడల్‌తో వచ్చింది. 2018 బళ్ళలో కొన్నింటికి అసలు ఏబీఎస్సే లేదు, కొన్నింటికి రెండు చక్రాలకీ ఉంది గానీ ఆపే స్విచ్చు లేదు. ఎక్స్‌పల్స్‌కి ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్. తడి తారు మీద ముందు చక్రం జారకుండా అది కాపాడుతుంది, మట్టిలో వెనక చక్రం మీ కాలి మాట వింటుంది. మీ దారికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

ఇంపల్స్ గురించి చాలాసేపు మాట్లాడాలని ఉంది గానీ మాట్లాడను. 2011లో వచ్చిన బండి అది. మన దేశంలో సామాన్యుడికి అందే ధరలో మట్టిబండి అంటే అదే, పాపం అప్పట్లో కొనేవాళ్ళే లేకపోయారు. తేలిక, మొండి. అయితే 2013 బండికి 2028లో ఆర్.సి. పదిహేనేళ్ళు నిండుతాయి, రెన్యువల్ తతంగం మీ నెత్తిన పడుతుంది. ఇంజను సామాన్లు ఎలాగో దొరికినా ట్యాంకు, ప్లాస్టిక్ భాగాలు పగిలితే వెతుక్కోవాల్సిందే. ఏబీఎస్ లేదు. చలికాలం తెల్లవారుజామున, మీ వైపు చన్నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొరికే చలిలో, కార్బొరేటర్ బండితో చోక్ లాగి కాసేపు బతిమాలుకోవాలి. రెండో బండిగా కొనుక్కునేవాడికి ముద్దొస్తుంది. రోజూ బడికి వెళ్ళేవాడికి వద్దు.

ఇక మిగిలింది ఎక్స్‌పల్స్. నా ఓటు దానికే, బండి మంచిదైతేనే. మోడల్ మంచిదని చెప్పడం తేలిక. ఆ ఎం.వి.పి. కాలనీ బండి ఎలా ఉందో నేను చూడలేదు, మీరు చూడాలి.

ముందు సీటు ఎత్తు భయం తీర్చుకోండి. 823 అనేది ఖాళీ బండి లెక్క. మీరు కూర్చోగానే షాకులు కొంత దిగుతాయి. రెండు కాళ్ళూ పూర్తిగా ఆనవు, మునివేళ్ళు ఆనుతాయి. ఒక పక్కకి కాస్త జరిగితే ఒక పాదం పూర్తిగా ఆనుతుంది. ఆగడానికి అది చాలు. అయితే మట్టిరోడ్డు మీద ఎప్పుడూ ఎత్తున్న వైపు కాలు పెట్టడం అలవాటు చేసుకోవాలి. పల్లం వైపు పెడితే నేల అందదు, బండి మీ మీదికి వస్తుంది. వెనక షాకు బిగువుని తగ్గించుకునే వీలుంది, మీ బరువుకి తగ్గట్టు వదులు చేయించండి. అమ్మేవాడు ర్యాలీ కిట్ (పోటీలకి వేసే పొడుగు షాకుల సెట్టు) వేయించానని గొప్పగా చెబితే మాత్రం దండం పెట్టి వచ్చెయ్యండి. దాంతో సీటు ఇంకా పైకి పోతుంది, అది పోటీలకి వెళ్ళే పొడుగు మనుషుల వ్యవహారం. 2021 అక్టోబరులో నాలుగు వాల్వుల ఇంజనుతో కొత్త మోడల్ వచ్చింది. మీరు చూస్తున్నది పాత రెండు వాల్వులదో ఆ కొత్తదో ఆర్.సి.లో చూసుకోండి. మీ దారికి రెండూ ఒకటే. నాలుగు వాల్వుల పేరు చెప్పి పది వేలు ఎక్కువ లాగకుండా చూసుకుంటే చాలు.

చూడ్డానికి వెళ్ళే ముందు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో ఆలోచించండి. కాసేపు టీ తాగి, చల్లారాకే స్టార్ట్ చేయించండి. చల్లటి ఇంజను చేసే చప్పుడే దాని అసలు గొంతు.

విశాఖ బండి అంటే నేను మొదట కిందకి వంగి చూస్తాను. సముద్రపు గాలికి తుప్పు ట్యాంకు మీద కనబడదు, దాన్ని పాలిష్ చేసి ఉంచుతారు. సైలెన్సర్ అడుగున, చక్రం ఊచలు రిమ్ములోకి దిగే చోట, ఇంజను బోల్టుల తలల మీద ఉంటుంది. ఊచలని చిన్న స్పానరుతో ఒక్కొక్కటీ తట్టండి. గట్టిగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది డబ్బుమంటుంది. రెండు మూడు వదులైతే బిగించుకోవచ్చు. సగం చక్రం డబ్బుమంటే, ఊచల మొదళ్ళు తుప్పు పట్టి పొట్టు రాలుతుంటే చక్రం మొత్తం మళ్ళీ అల్లించాలి. ఆ ఖర్చు బేరంలో పెట్టండి.

తర్వాత ఎయిర్ ఫిల్టరు. మట్టిలో తిరిగిన బండి చరిత్ర మీటరు కన్నా ఇదే నిజాయితీగా చెబుతుంది. మూత విప్పించి ఫిల్టరు బయటికి తీయించండి. ఫిల్టరు మురికిగా ఉంటే కంగారు పడకండి, దాని పనే అది. ఫిల్టరుకి అవతల, ఇంజను వైపు వెళ్ళే గొట్టంలో వేలు పెట్టి తుడవండి. అక్కడ ఎర్రదుమ్ము అంటుకుందా, దుమ్ము లోపలికి పోయి పిస్టనుకీ బోరుకీ మధ్య ఉప్పుకాగితం పని చేసిందన్నమాట. ఆ బండి ఈ రోజు బాగానే నడుస్తుంది, ఆరు నెలల్లో ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. వేలు శుభ్రంగా వస్తే సగం దిగులు తీరింది. ఆయిల్ మూత కూడా విప్పి చూడండి. లోపల పాలు ఎక్కువైన టీ రంగులో నురగ ఉంటే ఎక్కడో గెడ్డలో నీళ్ళు తాగింది.

పడిన బండి అయితేనేం, మట్టిబండి పడకుండా ఉంటుందా అంటారు. హ్యాండిల్ చివర్లు, లీవర్ల కొసలు గీసుకుపోతే నేనూ పట్టించుకోను. హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, మెడ దగ్గర ఛాసిస్‌కి తగిలే ఇనప బుడిపెలు చూడండి. అవి నలిగినా, వంగినా, కొత్తగా రంగు వేసినా ఆ బండి దేన్నో గట్టిగానే గుద్దింది. ఇంకేమీ చూడకుండా వెనక్కి రండి. ఇంజను కింద రేకుకి సొట్టలుంటే ఉండనివ్వండి, అది తినాల్సిన దెబ్బలే అవి. ఆ సొట్ట వెనక ఇంజను కేసు పగిలి ఎమ్‌సీల్ పెట్టారా అని టార్చి వేసి చూడాలి.

ముందు ఫోర్కు గొట్టాల మీద వేలుతో నిలువునా రాయండి. ఆయిల్ జిడ్డు తగిలితే సీళ్ళు పోయాయి, అది చిన్న పని. గోరుకి గరుకుగా తగిలే తుప్పు చుక్కలుంటే కొత్త సీళ్ళు వేసినా మళ్ళీ చిరుగుతాయి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి; మెడలో టక్కుమంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయింది. హిమాలయన్ చూడ్డానికి వెళ్ళినా ఈ పరీక్ష తప్పనిసరి, అది బరువైన బండి కదా. చైను చూడ్డానికి వెనక స్ప్రాకెట్ చివర చైనుని పట్టి వెనక్కి లాగండి. పన్ను సగం బయటపడితే చైన్ సెట్ మార్చాలి. 19 వేల కిలోమీటర్లకి మార్చాల్సి రావడం తప్పేమీ కాదు, ధరలో తగ్గించుకోండి. మీటరు నిజమో కాదో బ్రేకు పెడలు, ఫుట్‌రెస్టు రబ్బర్లు చెబుతాయి. 19 వేలకే అవి నున్నగా అరిగిపోవు.

నడిపి చూడ్డానికి బీచ్ రోడ్డు వద్దు. అక్కడ ఏ బండైనా బాగానే నడుస్తుంది. కైలాసగిరి వైపు ఏదైనా ఏటవాలు చూసుకుని, మూడో గేరులో యాక్సిలేటర్ వదిలేసి కిందిదాకా దిగండి. దిగాక ఒక్కసారి యాక్సిలేటర్ ఇచ్చి అద్దంలో చూడండి. నీలం పొగ వస్తే ఇంజను పని ఉంది. మీ ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి ఆ ఎత్తు మీద ఓసారి ఇద్దరూ కలిసి వెళ్ళండి. 18 హార్స్‌పవర్ ఇంజను ఇద్దరితో ఎత్తెక్కుతుంటే రెండు మూడు గేర్లలోనే అరుస్తూ ఎక్కుతుంది. ఆ అరుపు ఆవిడకి ఇబ్బందైతే ఇప్పుడే తెలుసుకోవడం మేలు. హైవే మీద ఎనభైకి మించి తరమాలనుకుంటే ఇది మీ బండి కాదు.

చివరి పరీక్ష కాస్త విడ్డూరంగా ఉంటుంది. అమ్మేవాణ్ణి అడిగి, గడ్డి మీదో గోనెపట్టాల మీదో బండిని మెల్లగా పడుకోబెట్టి, ఒక్కరే లేపి చూడండి. హ్యాండిల్ పట్టుకుని చేతులతో గుంజితే నడుం పడుతుంది. సీటుకి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక పట్టుకునే కడ్డీ పట్టి, కాళ్ళతో వెనక్కి నడుస్తూ లేపాలి. ముందే గేరులో వెయ్యండి, లేకపోతే లేచిన బండి దొర్లుతుంది. కుడివైపు పడితే లేపే ముందే సైడ్ స్టాండ్ తీసి ఉంచండి. పల్లంలో చక్రాలు పైకి ఉండి పడితే లేపడానికి చూడకండి, నేల మీదే బండిని తిప్పి చక్రాలు పల్లం వైపు వచ్చాక లేపండి. నవ్వుతారేమో అని మొహమాటపడకండి. ఒప్పుకోకపోతే నాదే పూచీ, పడితే డబ్బులిస్తానని చెప్పండి. అదే వారం అనకాపల్లి వెళ్ళి హిమాలయన్‌తోనూ ఇదే చెయ్యండి, మీ బావమరిదిని వెంటబెట్టుకుని. ఆయనతో వాదించాల్సిన పని ఉండదు.

కాగితాల సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా రెండు ముక్కలు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో అంకె అంకె పోల్చండి. ఆర్.సి.లో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే అప్పు తీరిందన్న నోటిమాట చాలదు, వాళ్ళ ఎన్.ఓ.సి., ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని 30 రోజుల్లోగా పేరు మార్పించుకోండి. తేదీ వెయ్యని సంతకాల కాగితాలతో ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళని చూశాను, అలా వద్దు. ఇన్సూరెన్సు కూడా మీ పేరుకి మార్చమని పద్నాలుగు రోజుల్లో అడగాలి. 2021 బండికి మొదట కట్టిన అయిదేళ్ళ థర్డ్ పార్టీ గడువు 2026తో అయిపోతుందన్నది గుర్తుంచుకోండి. కోరాపుట్ వైపు నుంచి ఒడిశా నంబరు బండి చవగ్గా వస్తుందని ఎవరైనా ఊరిస్తే, అక్కడి ఎన్.ఓ.సి., మన దగ్గర మళ్ళీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు కలిపి చూసుకోండి; ఆ చవక సగం కరిగిపోతుంది.

ధర దగ్గర నా సలహా: 98 వేలు అడిగారు కాబట్టి పైన చెప్పినవాటిలో ఏమేం దొరికాయో కాగితం మీద రాసి చూపించి, తొంభైకి అటూ ఇటూ తెచ్చుకోండి. పదిహేను వేలు విడిగా పెట్టుకుని, వాటితో ముందు ఇంజను ఆయిల్, ఫోర్క్ ఆయిల్, బ్రేకు ప్యాడ్లు, అవసరమైతే చైన్ సెట్టూ టైర్లూ మార్పించండి. సైడ్ బాక్సులూ, పొగమంచు లైట్లూ తర్వాత చూసుకోవచ్చు. టైర్ల దగ్గర కుర్రాళ్ళు పెద్ద పెద్ద గుబ్బలున్నవి వేయించమంటారు. బురదలో అవి రాజాలే, తడిసిన లంబసింగి ఘాట్ మలుపుల్లో మాత్రం జారతాయి. తారుకీ మట్టికీ మధ్యస్థంగా ఉండే గాడుల టైర్లు చాలు. మట్టి మొదలయ్యే చోట గాలి అయిదారు పాయింట్లు తగ్గించుకోండి, తిరిగొచ్చి తారెక్కాక పంపుతో మళ్ళీ కొట్టుకోండి. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల చిరుగుతుంది.

అన్నట్టు ఆ బడి ఊరివాళ్ళు స్ప్లెండర్ మీద ముగ్గురేసి ఎక్కి, పైన ఎరువు బస్తా వేసుకుని, మీరు భయపడే గెడ్డ దాటిపోతుంటారు. చూసి చిన్నబుచ్చుకోకండి. వాళ్ళు ఎక్కడ ఏ రాయి ఉందో చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు. మొదటి నెలంతా గెడ్డ దగ్గర ఆగి, వాళ్ళు ఏ వరసలో దాటుతున్నారో చూసి, ఆ వెనకే వెళ్ళండి.

ఎక్స్‌పల్స్ ముందు చక్రం 21 అంగుళాలు. పల్లెల్లో పంక్చరు వేసేవాడు దొరుకుతాడు, ఆ కొలత ట్యూబు మాత్రం దొరకదు. నర్సీపట్నంలోనే రెండు కొని, ఒకటి వెంట సంచిలో, ఒకటి చింతపల్లి గదిలో పెట్టుకోండి.